ఎడమ పెట్టె మీది కుంకుమ చుక్కలు

హనుమకొండ సుబేదారిలో మా తమ్ముడు శ్రీను ఇంట్లో మేడమెట్ల కింద చిన్న గది ఒకటి ఉంది. ఆ ఇంట్లో పనికిరాకుండా పోయిన ప్రతి వస్తువూ చివరికి అందులోకే చేరుతుంది. ఈ మధ్య ఆ గదిని స్నానాలగది చేయాలని వాడికి బుద్ధి పుట్టింది. "అక్కా, ఒక్కసారి వచ్చి చూసి పో. నిన్ను అడగకుండ ఏదన్న పడేస్తే నన్ను బతకనియ్యవ్" అని ఫోన్ చేశాడు. నా సంగతి వాడికి బాగా తెలుసు. కరీంనగర్ నుంచి బస్సు దిగి ఆటోలో వాళ్ళింటికి చేరేసరికి, పాత సామాన్లు కొనే అతను అప్పటికే వాకిట్లో కూర్చుని ఒక ఇనుప పెట్టెను ఎత్తబోయి, మళ్ళీ దించి, నడుం పట్టుకుని, "ఇండ్ల రాళ్ళు గిట్ల పోసిండ్రా సారూ?" అంటున్నాడు. దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి. చూడగానే గుర్తుపట్టాను. అవి మా బాపు, అంటే మా నాన్న, పాటలు వినే యాంప్లిఫయర్లు. కొంగుతో దుమ్ము తుడిచాను. ముందువైపు తెల్ల రంగు వేసిన చిన్న పలక, దాని మధ్యలో సౌండు పెంచే నల్లటి మర, మరకు ముల్లు, చుట్టూ ఒకటి నుంచి పది దాకా చేత్తో రాసిన అంకెలు. కుడి పెట్టె పలక మీద నాలుగు అంకె దగ్గర ఒక్కటే ఎర్రటి మరక. ఎడమ పెట్టె మీద మాత్రం నాలుగు దగ్గర ఒకటి, ఐదు దగ్గర ఒకటి, ఆరు, ఏడు, ఎనిమిది దాకా వరసగా చుక్కలు. "రంగు పడ్డట్టుంది. కిరసనాయిలుతో తుడిస్తే పోతది" అని శ్రీను గుడ్డ అందుకోబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. అది రంగు కాదు, మా అమ్మ పెట్టిన కుంకుమ.

వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. పొద్దున ఎనిమిదింటికి అవి మొదలైతే ఇంట్లో గిన్నెలు కూడా సన్నగా వణికేవి. అటునుంచి నూలు దుమ్ము, మగ్గాలకు పోసే నూనె వాసన, ఇటునుంచి గంజి వాసన. ఆ చప్పుడులో మాట్లాడుకోవడం కుదరదు కనుక షెడ్డులో అందరూ పెదాలతో, చేతులతోనే మాట్లాడుకునేవారు. బువ్వ తయారైందని చెప్పడానికి అమ్మ గుమ్మంలో నిలబడి ఐదు వేళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే చాలు. బాపు చెవి గురించి మా వాడలో కథలుగా చెప్పుకునేవారు. ముందుగదిలో చాయ్ తాగుతూ తాగుతూ ఆగి, "మూడో మగ్గం నాడె సరిగ దెబ్బ తింటలేదు" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే నూలు మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడెను కొట్టే పట్టా వదులై ఉండేది. ఎడమ చెవిని మగ్గానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. మిల్లులో ఉద్యోగం వదిలి సొంతంగా మగ్గాలు పెట్టుకునే ధైర్యం ఆయనకు ఆ చెవి ఇచ్చిందే. ఇరుగుపొరుగు షెడ్లవాళ్ళు కూడా మగ్గం మొరాయిస్తే, "సాంబన్నను పిలువుండ్రి" అనేవారు.

ఖాసిం భాయ్ అదే మిల్లులో కరెంటు పని చేసేవాడు. బాపు, ఆయన ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న స్నేహితులు. బాపు మిల్లు వదిలిన ఏడాదే ఆయన కూడా వదిలేసి, నెక్కొండలో స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ప్యాసింజరు బండిలో మా ఇంటికి వచ్చేవాడు. ఎక్కడో ఒక సినిమా హాల్లో పాత సౌండు సామాను తీసేస్తుంటే అందులో పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు సంపాదించాడట. వాటితో మా ముందుగదిలోనే చాప పరుచుకుని, నెలల తరబడి కూర్చుని, బాపు కోసం రెండు యాంప్లిఫయర్లు తయారుచేశాడు. కుడి స్పీకరుకు ఒకటి, ఎడమ స్పీకరుకు ఒకటి. దేని ట్రాన్స్‌ఫార్మరు దానికే, దేని వాల్వులు దానికే, దేని సౌండు మర దానికే. ఇలా విడివిడిగా పెట్టడాన్ని మోనోబ్లాక్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. "ఒక్క పెట్టెల పెట్టరాదా అన్నా, ఇల్లంత ఆక్రమిస్తానయ్" అని అమ్మ అడిగితే ఆయన టంకం పుల్ల పక్కన పెట్టి, చాలా శ్రద్ధగా చెప్పాడు. "చెల్లే, రెండెద్దులకు ఒక్కటే కుడితి తొట్టి పెడితే ఏమైతది? ఒకటి మూతి పెట్టంగనే రెండోదానికి తక్కువ పడ్తది. దేని తొట్టి దానికుంటే కొట్లాటనే లేదు." ఆ రోజు నుంచి అమ్మకు అవి ఎడ్లే అయ్యాయి.

ఆ ఎడ్లతో కాపురం అంత తేలికేమీ కాదు. మరొకరి ఇంట్లో రేడియో మీట నొక్కితే పాట వస్తుంది. మా ఇంట్లో ముందు గాజు బల్బుల్లాంటి వాల్వులు వేడెక్కాలి. సాయంత్రం ఆరుకు మగ్గాలు ఆగగానే బాపు కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి రెండు పెట్టెలూ ఆన్ చేసేవాడు. ట్యూబ్‌లైటు ఒకసారి రెప్ప కొట్టేది. తర్వాత పావుగంట ఎవరూ వాటి జోలికి పోకూడదు. వాల్వుల్లో సన్నని నారింజ వెలుగు మెల్లగా పుట్టేది, దుమ్ము కాలిన వాసన, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మరు మీది వార్నిష్ వాసన గది నిండా అలుముకునేవి. "ఎడ్లు మేత మేసినయా?" అని అమ్మ వంటింట్లోంచి ఎకసెక్కం చేసేది. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోవడం శిక్షే. చలికాలంలో మాత్రం అమ్మ ఎకసెక్కాలు మానేసి పాలగిన్నె తెచ్చి కుడి పెట్టె మీద పెట్టేది. ఆ గోరువెచ్చదనానికి పెరుగు కత్తితో కోసుకునేలా తోడుకునేది. వానాకాలంలో నా స్కూలు రిబ్బన్లు, శ్రీను మేజోళ్ళు కూడా వాటి మీదే ఆరేవి. ఖాసిం భాయ్ ఒకసారి చూసి, "యా అల్లా, నా మెషిన్ మీద మేజోళ్ళు!" అని నెత్తి కొట్టుకున్నాడు. అయినా భోజనానికి కూర్చున్నప్పుడు ఆ పెరుగే రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

పాట వినేటప్పుడు ఎవరి చోటు వారిదే. బాపు చెక్క కుర్చీ రెండు స్పీకర్లకు సరిగ్గా ఎదురుగా, గది మధ్యలో. మేమిద్దరం ఆయన కాళ్ళ దగ్గర చాప మీద. అమ్మ ఎడమ గోడకు ఆనుకుని, ఎడమ స్పీకరు పక్కనే రాట్నం పెట్టుకుని మర్నాటికి నాడెల్లో పెట్టే నూలు కండెలు చుట్టేది. అక్కడైతే కిటికీ వెలుతురు పడుతుందని. మా దగ్గర సన్నాయి రికార్డులు, కవ్వాలీలు, సినిమా పాటలు, అన్నీ కలిపి పాతికకు మించి ఉండేవి కావు. మాకు ప్రాణమైనది మాత్రం పాట కాదు. ఖాసిం భాయ్ ఎక్కడినుంచో తెచ్చిన, రెండు స్పీకర్లూ సరిగ్గా మోగుతున్నాయో లేదో చూసే ఒక పరీక్ష రికార్డు. అందులో ఒక రైలు ఎడమ వైపు నుంచి కూత వేసుకుంటూ వచ్చి, గది మధ్యలోంచి మా మీదుగా పోయి, కుడి గోడలోకి వెళ్ళిపోయేది. మొదటిసారి విన్నప్పుడు శ్రీను లేచి గోడ వెనక్కి పరిగెత్తి చూశాడు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ముందు మంచినీళ్ళు, తర్వాత రైలు.

దసరా నాడు మా వాడలో మగ్గాలకు పూజ. నాలుగు మగ్గాలనూ కడిగి, బంతిపూల దండలు వేసి, పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. కత్తెరలు, సుత్తెలు, రాట్నం, కుట్టుమిషను అన్నింటికీ బొట్టు. వాటితోపాటే యాంప్లిఫయర్లకూ. అమ్మ కుంకుమలో రెండు చుక్కల నూనె కలిపి, మర ముల్లు ఎక్కడ ఆగి ఉందో సరిగ్గా ఆ కొస దగ్గర పలక మీద బొట్టు పెట్టేది. నూనె కుంకుమ కనుక అది ఊడేది కాదు. పెట్టిన బొట్టు తుడవకూడదు కనుక అమ్మ ఎప్పుడూ తుడిచేది కూడా కాదు. అలా మొదటి ఏడాది రెండు పెట్టెల మీదా నాలుగు దగ్గర పడింది బొట్టు. మరుసటి ఏడు కుడిదానికి నాలుగు దగ్గరే, ఎడమదానికి ఐదు దగ్గర. ఆ తర్వాతి ఏడు ఆరు దగ్గర. పండుగ సందడిలో దాన్ని ఎవరు పట్టించుకుంటారు? బొట్టు పెట్టిన అమ్మ తప్ప.

బాపు మాత్రం వేరే లెక్కలో ఉన్నాడు. "ఎడమ పెట్టె దమ్ము తగ్గుతాంది" అనడం మొదలుపెట్టాడు. దమ్ము తగ్గినప్పుడల్లా దాని మరను కొద్దిగా పైకి తిప్పేవాడు. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి మా ఇంట్లో పాటంతా ఎడమ గోడ దగ్గరే ఉండేది. మాకు అదే అలవాటై, పాటంటే అలాగే ఉంటుందనుకున్నాం. మా మేనమామ ఒకసారి వచ్చి, "మీ ఇంట్ల పాడేటోళ్ళు అందరు ఒక్క గోడకే ఒరిగిండ్రేందే?" అని నవ్వాడు. బాపుకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఆ వచ్చిన ఆదివారమే ఖాసిం భాయ్‌ని కూర్చోబెట్టి పెట్టె విప్పించాడు. ఆయన వాల్వులు మార్చాడు. రెండు నెలలకు మళ్ళీ అదే ఫిర్యాదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ మార్చాడు. మూడోసారి ఖాసిం భాయ్ ఏమీ విప్పలేదు. బాపుకు చెప్పకుండా వెనక వైర్లు మాత్రం అటుదిటు, ఇటుదటు మార్చి, ఎడమ స్పీకరుకు కుడి పెట్టెను కలిపి, రెండు ముళ్ళూ నాలుగు దగ్గర పెట్టి రైలు రికార్డు వేశాడు. "ఇప్పుడు చెప్పు సాంబన్నా, ఏది తక్కువున్నది?" బాపు కళ్ళు మూసుకుని విని, "ఎడమదే" అన్నాడు. ఇప్పుడు ఎడమ వైపు మోగుతున్నది ఆయన మెచ్చుకునే కుడి పెట్టె. ఖాసిం భాయ్ అమ్మ వైపు చూశాడు. అమ్మ రాట్నం ఆపి తల దించుకుంది. ఆయన వైర్లు మళ్ళీ ఎప్పటిలా కలిపి, ఎడమ ముల్లును బాపు పెట్టుకున్న చోటికే తిప్పి, "తప్పు నాదే అన్నా. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మంచిది కాదు. ఫికర్ చేయకు, మెల్లగ సూద్దాం" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. బాపు మంచివాడే కానీ మనసులో మాట దాచుకునే మనిషి కాదు. వాడ చివర చాయ్ హోటల్లో కూర్చుని, "ఖాసిం నాకు పాత సామాను అంటగట్టిండు, వాడే ఒప్పుకున్నడు" అన్నాడు. ఆ మాట హనుమకొండ దాకా పోయింది. చౌరస్తా దగ్గర బట్టల దుకాణం ఆయన మా ఇంట్లో విని ముచ్చటపడి, అలాంటి జోడీయే తనకూ చేయమని ఖాసిం భాయ్‌తో మాట్లాడుకున్నాడు. ఇప్పుడు వద్దన్నాడు. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు చేయించుకునేవాళ్ళు కూడా ఆయన దుకాణం దాటి వేరే దగ్గరికి పోసాగారు. ఖాసిం భాయ్ ఆదివారాలు రావడం మానేశాడు. బాపు పైకి బింకంగానే ఉండేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ప్యాసింజరు వచ్చే వేళకు ఒకటికి రెండుసార్లు గుమ్మంలోకి వెళ్ళి వచ్చేవాడు. ఆ ఏడు దసరాకు ఎడమ బొట్టు ఎనిమిది దగ్గర పడింది. ఏ తప్పూ చేయని మనిషి పేరు పోతోంది, మా ఇంట్లో అది తెలిసిన ఒకే ఒక్క మనిషి మా అమ్మ. ఆమె ఎన్ని రోజులు ఎలా ఓర్చుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

తర్వాతి దసరాకు ముందు ఇంటికి సున్నాలు వేయించాం. సామానంతా బయటపెట్టి మళ్ళీ సర్దేటప్పుడు అమ్మ బాపు కుర్చీని వెనక్కి తిప్పి వేసింది. అంటే కూర్చున్న మనిషి వీపు స్పీకర్ల వైపు, మొహం గుమ్మం వైపు. సాయంత్రం బాపు వచ్చి, "ఇదేందే, ఉల్టా ఏసినవ్?" అన్నాడు. "అటు నేల ఇంక ఆరలే. ఇయ్యాల్టికి ఇట్లనే కూసో" అని అమ్మ రాట్నం ముందు కూర్చుంది. నా వైపు తిరిగి, "పద్మా, రైలు పెట్టు బిడ్డా" అంది. పెట్టాను. ఎడమ స్పీకరులోంచి, అంటే ఇప్పుడు బాపు కుడి చెవి వైపు నుంచి, రైలు గోడ బద్దలయ్యేలా కూత వేసింది. బాపు కుర్చీలోంచి సగం లేచాడు. "ఎవరే ముల్లు తిప్పింది?" "ఎవ్వరు తిప్పలే. నువ్వు పెట్టినకాడనే ఉన్నది" అంది అమ్మ. రైలు గది దాటి అవతలి వైపు, ఆయన ఎడమ చెవి దిక్కుకు పోయింది, దాన్ని వింటున్న ఆనవాలు ఆయన మొహంలోంచి కూడా పోయింది. "మరి ఇప్పుడు కుడి పెట్టె ఖరాబైందా?" అని ఆయనే అని, ఆయనే ఆగిపోయాడు.

కుర్చీ తిప్పుకుని కూర్చుని, మళ్ళీ పెట్టమని నాకు చేత్తో సైగ చేశాడు. విన్నాడు. కుర్చీ మళ్ళీ వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాడు. మూడోసారి ఎడమ చెవిని అరచేత్తో మూశాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఆ చెయ్యి తీసి కుడి చెవి మూశాడు. ఇల్లంతా రైలు పరిగెడుతుంటే మా బాపు మాత్రం గోడ వైపు చూస్తూ, ఎక్కడ పోయిందా అన్నట్టు కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. రికార్డు అయిపోయాక అమ్మను అడిగాడు. "నీకు ఎప్పటిసంది తెలుసే?" "బొట్టు పెట్టినప్పుడల్ల తెలుస్తనే ఉన్నది" అంది అమ్మ. "మరి చెప్పకపోతివి." "నీ చెవి పోయిందని నా నోటితోని ఎట్ల చెప్తనయ్యా? నువ్వు దాన్ని నమ్ముకొనే మిల్లు ఇడిసిపెడ్తివి. ఖాసిమన్న కూడ గందుకే తప్పు నెత్తినేసుకున్నడు." ఆ మాటకు బాపు భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు మగ్గాలు ఆపేసి, నన్ను వెంటబెట్టుకుని నెక్కొండ బండి ఎక్కాడు. అంతకు ముందెన్నడూ పండుగ కానిరోజు ఆయన మగ్గాలు ఆపలేదు. బండిలో నన్ను కుడి పక్కన కూర్చోమన్నాడు. ఖాసిం భాయ్ దుకాణంలో ఎవరిదో రేడియో విప్పి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. బాపు కుర్చీలో కూర్చోకుండా, దుకాణం ముందు చాయ్ తాగుతున్న నలుగురికీ వినబడేలా, "ఖరాబైంది పెట్టె కాదు ఖాసిం భాయ్, నా చెవి. నీ పేరు నేనే ఖరాబ్ చేసిన" అన్నాడు. ఖాసిం భాయ్ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, స్టూలు మీద కూర్చోబెట్టాడు. "నాకు ఎరుకనే సాంబన్నా. మిల్లుల ఇట్ల చెవులు పోయినోళ్ళను ఎంతమందిని చూడలే మనం? నా పేరు పోతే రెండు మంచి సెట్లు చేసి మళ్ళ తెచ్చుకుంట. నీ చెవి నేను యాడికెళ్ళి తేవాలె?" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నాకు జిలేబీ పెట్టించి, నా ముందే చిన్నపిల్లల్లా ఏడ్చారు. తిరిగి వచ్చాక బాపు ఇంటికి రాకముందే వాడ చివరి చాయ్ హోటల్‌కు వెళ్ళి, ఏ బల్ల దగ్గర కూర్చుని ఆ మాట అన్నాడో అదే బల్ల దగ్గర తన చెవి సంగతి చెప్పాడు. బట్టల దుకాణం ఆయన దగ్గరికి కూడా తానే పోయాడు. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి.

మగ్గం పని ఆయన మానలేదు. చెవితో వినేదాన్ని అరచెయ్యి మగ్గానికి ఆనించి పట్టుకోవడం నేర్చుకున్నాడు. షెడ్డులో అందరి చెవుల్లో దూది పెట్టించాడు. పెట్టుకోనివాడిని లోపలికి రానిచ్చేవాడు కాదు. నవ్విన వాళ్ళు నవ్వారు. నెక్కొండ నుంచి వచ్చిన ఆ సాయంత్రమే ఎడమ ముల్లును నాలుగు దగ్గరికి తెచ్చిపెట్టాడు. ఆ రోజు మేము చాలా కాలానికి పాటను మళ్ళీ గది మధ్యలో విన్నాం. ఏళ్ళ తరబడి గోడకు ఒరిగిన సన్నాయి లేచి మా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేను, శ్రీను మొహాలు చూసుకుని నవ్వాం. బాపుకు అందులో సగమే వినబడుతుందని ఆ క్షణంలో మాకు తట్టలేదు. పిల్లలం కదా.

ఇప్పుడు శ్రీను ఇంట్లో గోడకు వేలాడే సన్నటి కర్ర లాంటి స్పీకరు ఉంది. మీట నొక్కకముందే మోగుతుంది, వేడెక్కదు, దాని మీద పెరుగు తోడుకోదు. వాడి పిల్లలు చెవుల్లో ఎవరి పాట వాళ్ళు పెట్టుకుని ఒకే సోఫాలో కూర్చుంటారు. తప్పు పట్టడం లేదు. మాకు గతిలేక ఒకే పాట విన్నాం, వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో మగ్గాల మోత, ఎండాకాలపు ఉక్క, నూలు దుమ్ము అన్నీ ఉన్నాయి. అయినా సాయంత్రం ఆరైతే అందరం ఒక గదిలో చేరి, పావుగంట ఊరికే వాల్వుల వెలుగు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ పావుగంటలో బాపు మాతో మాట్లాడేవాడు. నాకు దొరికిన సుఖాల్లో అది పెద్దది.

ఒక్క అనుమానం మాత్రం నాకు ఇన్నేళ్ళూ ఉండిపోయింది. నేను పెళ్ళై కరీంనగర్ వెళ్ళిపోయాను. శ్రీను హాస్టల్‌కు పోయాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బాపు, అమ్మ ఆ గదిలో సాయంత్రాలు పాటలు విన్నారు. పిల్లలం లేము కదా, ఎడమ ముల్లును మళ్ళీ తనకు కావలసినంత పైకి తిప్పుకుని ఉంటాడని, పాపం అలాగైనా తృప్తిగా విని ఉంటాడని అనుకునేదాన్ని. శ్రీను చేతిలోంచి గుడ్డ తీసుకుని పక్కన పడేసి, ఎడమ పెట్టె ముందు నేల మీద చతికిలబడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎనిమిది దగ్గర ఉన్నది ఒక్కటే చుక్క. పలుచగా, రంగు వెలిసి ఉంది. ఏడు దగ్గర, ఆరు దగ్గర, ఐదు దగ్గర కూడా ఒక్కొక్కటే. నాలుగు దగ్గర వేలు పెట్టాను. అక్కడ పొర మీద పొర గట్టిపడిన కుంకుమ గోటికి తగిలింది. ఎన్ని దసరాల బొట్లో, లెక్కపెట్టలేను. ఎడమ స్పీకరు పక్కన కండెలు చుట్టేది అమ్మ. ముల్లు పైకి తిప్పితే ఆ మోతంతా ఆమె చెవుల్లోనే పడేది. మా బాపు తన చెవికోసం కాక ఆమె చెవులకోసం, చివరిదాకా ఆ ముల్లును అక్కడే ఉంచాడు.

"ఏముందక్కా అండ్ల?" అని శ్రీను నా పక్కన కూర్చున్నాడు. వాడి వేలు పట్టుకుని నాలుగు అంకె మీద పెట్టాను.